చదివింపుల పుస్తకమూ ప్రోనోటూ: పాఠాలు రాస్తున్న బిడ్డకు ఒక ఉత్తరం

హైదరాబాద్

బిడ్డా,

నువ్వు పంపిన రెండు అధ్యాయాలూ చదివాను. డిగ్రీ పిల్లలకూ, పోటీ పరీక్షలకు కూర్చునేవాళ్లకూ సామాజిక మానవశాస్త్రం, సివిల్ చట్టం తెలుగులో ఒకేచోట చెప్పాలని పూనుకున్నావు. చాలా సంతోషం. ఇలాంటి పుస్తకం కావాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. నీ వాక్యం శుభ్రంగా ఉంది, చదవాల్సినవి చదివే రాశావనీ తెలుస్తోంది. అయితే రెండు అధ్యాయాలూ నిర్వచనాలతో మొదలై నిర్వచనాల దగ్గరే ఆగిపోయాయి. "కుటుంబం అనగా", "దావా అనగా", "ఆచారం అనగా" అంటూ పోతే, చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నే వచ్చి చోటు పట్టుకుని చీకటిపడేదాకా చదివే పిల్ల వాటిని బట్టీ పడుతుంది, పరీక్షలో రాసేస్తుంది కూడా. కానీ తన ఇంట్లో జరిగేదే ఇందులో ఉందని మాత్రం గుర్తుపట్టదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ రెండు శాస్త్రాలూ ఒకే ఇంటి విషయం మాట్లాడతాయి, కానీ అడిగే ప్రశ్నలు వేరు. వీళ్లు ఇలా ఎందుకు చేస్తున్నారు, దీన్ని వాళ్లు ఏమనుకుంటున్నారు అని మానవశాస్త్రం అడుగుతుంది. హక్కు ఎవరిది, రుజువు ఏది అని సివిల్ చట్టం అడుగుతుంది. మొదటిదానికి తొందర లేదు, ఎవరినీ గెలిపించే పనీ లేదు. రెండోదానికి ఏదో ఒకనాడు తీర్పు చెప్పక తప్పదు. నీ రాతలో ఈ రెండూ కలిసిపోయి, ఒకచోట ఆచారం చట్టంలా వినిపిస్తోంది, ఇంకోచోట చట్టం ఊరి కట్టుబాటులా వినిపిస్తోంది. ఏ పేజీలో ఏ ప్రశ్న అడుగుతున్నావో చదివేవాళ్లకు తెలిసిపోవాలి.

పెళ్లిలో చదివింపుల పుస్తకమే తీసుకో. మంటపం పక్కన ఒక బల్ల, దాని వెనక లెక్క తెలిసిన బంధువు, చేతిలో పొడుగాటి నోటుబుక్కు. పేరు, ఊరు, ఇచ్చిన సొమ్ము లేదా వస్తువు. పెళ్లయ్యాక ఆ పుస్తకం బీరువాలోకి పోతుంది. ఏళ్ల తర్వాత అవతలివాళ్ల ఇంట్లో శుభకార్యం అనగానే బయటికి వస్తుంది. "వాళ్లు మనకు ఐదు వందల పదహార్లు చదివించారు, మనం వెయ్యి నూట పదహార్లకు తగ్గితే బాగుండదు" అని ఇంట్లో మాట జరుగుతుంది. సరిగ్గా అంతే తిరిగిస్తే లెక్క తెంచుకున్నట్టు ఉంటుంది, కాస్త ఎక్కువ వేస్తే రాకపోకలు సాగుతాయి. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ బాధ్యతలేనని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో అచ్చయిన వ్యాసంలో అన్నాడు. దూరపు దీవుల ఉదాహరణలతో ఆయన చెప్పినదాన్ని మన పిల్లలు ఈ నోటుబుక్కులో చూడగలరు. పరస్పరత అనే పారిభాషిక పదం దీని తర్వాత వస్తే దానికో ముఖం ఉంటుంది.

ఇప్పుడు అదే బంధువు దగ్గర ఒకతను యాభై వేలు అప్పు తీసుకుని ప్రోనోటు రాసిచ్చాడనుకో. తేదీ, సొమ్ము, నూటికి రెండు రూపాయల వడ్డీ, రెవెన్యూ స్టాంపు, దాని మీదుగా సంతకం. ఇక్కడ మొహమాటానికి పని లేదు, కాగితమే మాట్లాడుతుంది. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటైతే, 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. వేయకపోతే నోటు మురిగిపోతుంది. ఆ గడువు లోపలే బాకీదారు కొంత సొమ్ము కట్టి, నోటు వెనక తన చేత్తో చెల్లు రాసి సంతకం పెడితే, అక్కణ్ణించి మళ్లీ మూడేళ్లు. ఇంకో సంగతి పిల్లలకు తప్పకుండా చెప్పు. నోటు మురిగినంత మాత్రాన అప్పు లేకుండా పోదు, కోర్టు ద్వారా రాబట్టుకునే దారి మూసుకుపోతుంది, అంతే. మురిగిన బాకీని కడతానని అతనే మళ్లీ రాసి సంతకం పెట్టి ఇస్తే, 1872 కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ కింద ఆ మాట చెల్లుతుంది.

ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూపించు. చదివింపుకు గడువు లేదు, తరం మారినా గుర్తుంటుంది. కానీ తిరిగి చదివించలేదని ఎవరి మీదా దావా వేయలేం. ప్రోనోటుకు కోర్టు ఉంది, గడువూ ఉంది. బాధ్యత అనేది రెండుచోట్లా ఉంది. దాన్ని నిలబెట్టేది ఒకచోట నలుగురి మాట, ఇంకోచోట కోర్టు తీర్పుతో వచ్చే డిక్రీ. ఈ ఒక్క పేజీ చదివిన పిల్లకు సామాజిక నియమానికీ చట్టపరమైన బాధ్యతకూ తేడా ఏమిటని నువ్వు వేరే చెప్పాల్సిన పనుండదు.

బంధుత్వం అధ్యాయానికి మేనరికాన్ని మించిన దారి లేదు. పెద్దనాన్న పిల్లలు, పిన్ని పిల్లలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు బావలు, మరదళ్లు, వదినలు. రక్తం చూస్తే అందరూ అంతే దగ్గర, వరస చూస్తే ఒకవైపు పెళ్లి తప్పు, ఇంకోవైపు పెళ్లి సంబరం. మేనమామనూ మామ అంటాం, పిల్లనిచ్చినవాడినీ మామ అంటాం. దక్షిణాదిలో పెళ్లి కొత్తవాళ్లను తెచ్చుకోవడం కంటే ఉన్న చుట్టరికాన్ని గట్టిచేసుకోవడం మీద నడిచిందనీ, ఉత్తరాదిలో చాలాచోట్ల పద్ధతి దీనికి ఎదురనీ మానవశాస్త్రవేత్త ఇరావతి కర్వే 1953లోనే వివరంగా చూపించింది. ఇది మానవశాస్త్రం సగం.

మిగతా సగం 1955 హిందూ వివాహ చట్టంలో ఉంది. చదవగానే మన పిల్లలు ఉలిక్కిపడతారు. అన్నాచెల్లెళ్ల పిల్లలు ఒకరినొకరు చేసుకోవడం, మేనమామ అక్క కూతుర్ని చేసుకోవడం ఆ చట్టం లెక్కలో నిషిద్ధ బంధుత్వాలు. అలాంటి పెళ్లి అసలు చెల్లదు. మరి మన ఇళ్లలో జరిగిన పెళ్లిళ్ల సంగతి? ఐదో సెక్షన్‌లోనే జవాబు ఉంది: ఇద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే ఆ నిషేధం అడ్డురాదు. ఆ "ఇద్దరికీ" అన్నది నువ్వు వదిలేశావు. వదలకూడదు. 1954 ప్రత్యేక వివాహ చట్టంలో ఇద్దరిలో కనీసం ఒకరికి ఆచారం ఉంటే చాలంటుంది. ఒక్క మాటతో ఒక పెళ్లి నిలుస్తుంది, ఇంకోటి నిలవదు. చట్టం గురించి రాసేటప్పుడు ఇంత దగ్గరగా చదవాలి.

ఇంకా లోపలికి వెళ్లు. ఆచారం అంటే చట్టం ఏమంటోందో మూడో సెక్షన్‌లో చూడు. చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరుగా పాటిస్తూ ఉండాలి. నిర్దిష్టంగా ఉండాలి. అసమంజసంగా గానీ ప్రజానీతికి విరుద్ధంగా గానీ ఉండకూడదు. ఒక్క కుటుంబానిదే అయితే ఆ కుటుంబం దాన్ని మానేసి ఉండకూడదు. అంతకు చాలా ముందే, 1868లో, మదురై కలెక్టరు కేసులో అప్పట్లో మనకు చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ కూడా స్పష్టంగా రుజువైన ఆచారం రాసి ఉన్న శాస్త్రం కంటే బలమైనదని చెప్పింది. బలమైనదే, కానీ రుజువు కావాలి. మా ఇళ్లలో ఇంతే అంటే చాలదు, సాక్షులు రావాలి, ఏ ఇంట్లో ఎవరెవరికి అలా పెళ్లయిందో చెప్పాలి.

ఇక్కడ రెండు శాస్త్రాలూ ఎదురుపడతాయి చూడు. మానవశాస్త్రం చూసే ఆచారం కదులుతూ ఉంటుంది. పుట్టే పిల్లల ఆరోగ్యం గురించి భయపడి మేనరికం వద్దనుకునే ఇళ్లు ఇవాళ ఎన్నో. అమ్మమ్మ ఒకమాట అంటుంది, చదువుకున్న మనవరాలు ఇంకోమాట అంటుంది. ఆ వాదనంతా పరిశోధకుడికి విలువైన సమాచారం. కోర్టుకు మాత్రం ఆచారం పాతదై, మారకుండా, తేల్చిచెప్పగలిగేలా ఉండాలి. ఆ ఒక్క విషయం మీదే నాలుగు పేజీలు రాయి. నీ పుస్తకానికి అదే వెన్నెముక అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సివిల్, క్రిమినల్ తేడా దగ్గర "ప్రతివాదికి శిక్ష పడుతుంది" అని రాశావు. తీసెయ్. సివిల్‌లో వాది, ప్రతివాది ఉంటారు. వచ్చేది సొమ్ముకో, స్వాధీనానికో, ఇంజంక్షన్‌కో డిక్రీ. నేరమైతే సహేతుకమైన సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. సివిల్ దావాలో ఎవరి మాట ఎక్కువ నమ్మదగ్గదో తేలితే చాలు. డిక్రీ చేతికొస్తే పని అయిపోయినట్టు కూడా రాయకు. దాన్ని అమలు చేయించుకోవడానికి మళ్లీ ఇ.పి. (అమలు పిటిషన్) వేయాలి, దానికి మామూలుగా పన్నెండేళ్ల గడువు ఉంది. వీలు చూసుకుని పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టుకు వెళ్లి ఒక హాల్లో వెనక బెంచీ మీద కూర్చో. కోర్టు హాల్లోకి మామూలుగా ఎవరైనా వెళ్లి వినొచ్చు. సాక్షిని క్రాస్ చేస్తుంటే విను. "రుజువు" అని నువ్వు రాసిన రెండు లైన్లు నీకే నచ్చవు.

అలాగే షామీర్‌పేట పోయిరా. మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఉస్మానియాలో ఉండగా తన బృందంతో పరిశోధన చేసిన ఊరు అదే. దానిమీద ఆయన రాసిన పుస్తకం 1955లో వచ్చింది, భారతీయ గ్రామాల మీద వచ్చిన తొలి సమగ్ర అధ్యయనాల్లో అది ఒకటి. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నదీ ఆ షామీర్‌పేటలోనే. నీ పుస్తకంలోని రెండు భాగాలకూ ఒకే ఊరు దొరికింది, ఇంతకంటే ఏం కావాలి? క్షేత్ర పరిశోధన గురించి రాసేటప్పుడు ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీని చెప్పు, తప్పకుండా చెప్పు. కానీ ఆ ఊళ్లోనే ఉండి, వాళ్ల భాష నేర్చుకుని, చెప్పేదానికీ చేసేదానికీ ఉన్న తేడా రాసుకోవడం అంటే ఏమిటో మన పిల్లలకు షామీర్‌పేటతోనే తేలిగ్గా అర్థమవుతుంది.

ఆదివాసుల గురించి నువ్వు రాసిన పేరా నాకు బాధ కలిగించింది. "వింత ఆచారాలు" అన్నావు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలు (వంశాల కూటాలు) ఉంటాయి, ఒకే సగ వాళ్లు పెళ్లి చేసుకోరు. ఒకే ఇంటిపేరు వాళ్లు చేసుకోకూడదనే మన పట్టింపుకూ దీనికీ సూత్రంలో తేడా లేదు, రెండూ బహిర్వివాహమే, అంటే తమ గుంపు బయటే పెళ్లి చేసుకోవాలనే నియమమే. 1940లలో నిజాం ప్రభుత్వం తరఫున అక్కడ పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వాళ్ల మధ్య ఉండి రాశాడు. ఆయన భార్య సమాధి ఆ గోండుల ఊరు మార్లవాయిలోనే ఉంది. హిందూ వివాహ చట్టం కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు వర్తించదని రెండో సెక్షన్ చెబుతుంది. అంటే వాళ్ల ఆచారాన్ని చట్టం వాళ్లకే వదిలిపెట్టింది. చట్టమే ఇచ్చిన ఆ గౌరవాన్ని పాఠ్యపుస్తకం ఇవ్వకపోతే ఎలా?

ఆడపిల్లల ఆస్తి హక్కు అధ్యాయంలో తేదీలు సరిచూసుకో. హిందూ వారసత్వ చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అప్పటికే పెళ్లయినవాళ్లకు అందులో చోటు లేదు. దేశమంతటికీ కేంద్ర సవరణ 2005 సెప్టెంబరు 9న వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండకపోయినా కూతురికి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతోనే హక్కు ఉందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంతవరకూ చట్టం. మరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అన్నదమ్ముల పేరిట హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టే అక్కచెల్లెళ్లు ఎందుకు పెడుతున్నారు? చాలామందిని అడిగి చూడు. వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కనివ్వరేమో అంటారు. ఒడిబియ్యం ఎవరు పోస్తారు, పండక్కి చీర ఎవరు పెడతారు, రేపు భర్తతో తగువొస్తే ఎక్కడికి పోవాలి అంటారు. ఆ లెక్క ఏ దస్తావేజులోనూ ఉండదు. దాన్ని అజ్ఞానం అని రాయకు, త్యాగం అనీ రాయకు. వాళ్లు ఏం పోగొట్టుకుంటున్నారో, ఏం కాపాడుకుంటున్నారో రెండూ రాయి. హక్కు ఉందని మాత్రం పెద్దక్షరాల్లో రాయి, ఎందుకంటే నీ పుస్తకం చదివే పిల్లల్లో సగంమంది ఆ సంతకం దాకా వెళ్లబోయేవాళ్లే.

పారిభాషిక పదాలకు తెలుగు అకాడమి పుస్తకాలు చూడు, పిల్లలకు పరీక్షలో ఎదురయ్యేవి అవే. కానీ వకీళ్లు, కక్షిదారులు ప్లెయింట్, ఇంజంక్షన్, స్టే అనే అంటారు కాబట్టి ఆ మాటలూ ఉంచు.

ముందు బంధుత్వం అధ్యాయం తిరగరాసి పంపు, మిగతావి నిదానంగా చూద్దాం. నాకు పంపేముందు చట్టం పేజీలు సివిల్ సైడు ప్రాక్టీసు చేసే వకీలు ఎవరికైనా చూపించు. వరసల పేజీలు మీ నానమ్మకు చదివి వినిపించు. ఆమె ఎక్కడ "అట్ల కాదు బిడ్డా" అంటుందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, ఆమె ఏమన్నదో మార్జిన్‌లో రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న