తపాలా బిళ్ళలను సేకరిస్తే ఒక దేశ సంస్కృతి నిజంగా అర్థమవుతుందా?

అర్థమవుతుంది, అయితే ఆ దేశం తనను తాను ఎలా చూపుకోదలచిందో ముందు కనిపిస్తుంది. స్వతంత్ర భారతదేశం 1947 నవంబరు 21న విడుదల చేసిన తొలి బిళ్ళపై మువ్వన్నెల జెండా, 'జై హింద్' అన్న నినాదం ఉన్నాయి. 1948 ఆగస్టు 15న వచ్చిన గాంధీజీ బిళ్ళలపై 'బాపు' అన్న మాటను హిందీ, ఉర్దూ లిపులు రెండింటిలోనూ ముద్రించారు. విభజన గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో ఆ చిన్న కాగితం ఎంత మాట చెప్పిందో గమనించండి.

నా దృష్టిలో అసలైన పాఠం మామూలు ఉత్తరాలకు అంటించే నిత్యవాడుక బిళ్ళల్లోనే ఉంది. 1949 వరుసలో అజంతా ఏనుగు, కోణార్క గుర్రం, నటరాజు, తాజ్ మహల్, స్వర్ణదేవాలయం, గోల్ గుంబజ్ పక్కపక్కనే నిలిచి, అన్ని మతాల వారసత్వమూ మనదేనని చాటాయి. ఆరేళ్ళు తిరగకుండానే, 1955లో, పంచవర్ష ప్రణాళికల వరుసలో ట్రాక్టరు, ఆనకట్ట, వాటితోపాటే రాట్నం వడికే స్త్రీ వచ్చారు. కాబట్టి అరుదైన బిళ్ళల కోసం వెతకడం కంటే, ఇలాంటి వరుసలను కాలక్రమంలో అమర్చి, ఎవరి బొమ్మ ఎప్పుడు వచ్చింది, ఎవరిది ఆలస్యమైంది అని పరిశీలించడం మేలు. తపాలా ముద్ర పడిన బిళ్ళ అయితే ఊరు, తేదీ కూడా తెలుస్తాయి.