రోబోలు వస్తున్నాయని మావాణ్ని మెకానికల్ వద్దంటున్నాను, తప్పా?

ప్రశ్న: జీడిమెట్లలో ఒక చిన్న కంపెనీలో ఇరవై రెండేళ్లుగా టర్నర్‌గా చేస్తున్నాను. రెండేళ్ల కిందట సీఎన్‌సీ మెషీన్లు (కంప్యూటర్ ప్రోగ్రాం ప్రకారం వాటంతటవే కోసేవి) రెండు తెచ్చారు. లేత్‌ల మీద నలుగురం ఉండేవాళ్లం, ఇద్దరిని తీసేశారు. ఇప్పుడు రోబో చెయ్యి ఒకటి తెస్తామంటున్నారు. మావాడు పది పాసయ్యాడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ గానీ, బాలానగర్‌లో టూల్ డిజైన్ గానీ చేస్తానంటున్నాడు. నాకేమో ఇంటర్ ఎంపీసీ చదివించి బీటెక్ ఏఐలో చేర్పించాలని ఉంది. రేపు ఫ్యాక్టరీల్లో మనుషులే ఉండరంటున్నారు కదా. నేను పడ్డ కష్టం వాడు పడొద్దు. రెండింట్లో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: ముందు ఆ తీసేసిన ఇద్దరి సంగతి మాట్లాడుకుందాం, కోర్సులు తర్వాత. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ ఆ మాట దగ్గరే ఆగిపోయాను. రోజూ మీతో కలిసి టీ తాగినవాళ్లు, ఒక నెలాఖరున లెక్క చూసి పంపించేస్తే వెళ్లిపోయారు. రేపు నా వంతేనా అన్న దిగులు లోపల పెట్టుకుని, కొడుకు చదువు పేరు చెప్పి అడుగుతున్నారు మీరు. తప్పేం లేదు. చర్లపల్లి నుంచి, పటాన్‌చెరు నుంచి నా దగ్గరికొచ్చే తండ్రులు చాలామంది ఇట్లాగే అడుగుతారు. కాకపోతే మీ దిగులు వేరు, వాడి చదువు వేరు. రెండూ ఒకే మూటలో కడితే మధ్యలో పిల్లవాడు నలిగిపోతాడు.

ఫ్యాక్టరీలో మొట్టమొదటి రోబో పనిలోకి దిగింది 1961లో, అమెరికాలో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ప్లాంటులో. కరిగిన లోహాన్ని అచ్చులో పోసే డైకాస్టింగ్ మెషీన్‌లోంచి కాలిపోతున్న ముక్కల్ని బయటికి తీయడం దాని పని. అరవై ఏళ్లు దాటింది. 2023 ఒక్క ఏడాదిలో ప్రపంచమంతా కలిపి సుమారు 5 లక్షల 41 వేల రోబోలు కొత్తగా ఫ్యాక్టరీల్లోకి వచ్చాయని అంతర్జాతీయ రోబోటిక్స్ సమాఖ్య లెక్క. అందులో సగానికి పైగా చైనాకే పోయాయి. మన దేశం మొత్తానికీ వచ్చినవి ఎనిమిదిన్నర వేలు, వాటిలోనూ పెద్ద వాటా కార్ల పరిశ్రమదే. ఏటా పెరుగుతున్న మాట నిజమే గానీ, తెల్లారేసరికి జీడిమెట్ల ఖాళీ అయిపోదు. టెస్లా కంపెనీ మోడల్ 3 కారు తయారీలో అడుగడుగునా రోబోలు పెట్టాలని చూసింది. అనుకున్నన్ని కార్లు బయటికి రాలేదు. అతిగా ఆటోమేషన్ పెట్టడం తన పొరపాటేనని 2018లో ఎలాన్ మస్క్ స్వయంగా ఒప్పుకున్నాడు.

అట్లాగని ఏమీ పోదని మీకు తియ్యటి మాటలు చెప్పను. ముక్క ఎత్తి చక్‌లో బిగించి, బటన్ నొక్కి, తీసి ట్రేలో పెట్టే పని పోతుంది. మీ కంపెనీకి వచ్చే రోబో చెయ్యి కూడా బహుశా దానికోసమే. మందుల కంపెనీల్లో స్ట్రిప్‌లో మాత్ర ఉందా, విరిగిందా అని కళ్లతో చూసి ఏరే పని ఇప్పటికే కెమెరాలు చేస్తున్నాయి. గంటగంటకూ తిరిగి మీటర్ రీడింగులు రిజిస్టర్‌లో రాసే పని సెన్సర్లకు పోతోంది. హెల్పర్‌గా చేరి హెల్పర్‌గానే ఉండిపోదామనుకునే పిల్లలకు గడ్డు రోజులే. మీవాడు అడుగుతున్నది ఆ పని కాదు.

కిందటి నెల బాలానగర్‌లో ఒక షెడ్డుకు వెళ్లాను. ఒకప్పుడు నా దగ్గర సలహా తీసుకున్న అమ్మాయి అక్కడ సెట్టర్‌గా, అంటే మెషీన్‌ను పనికి సిద్ధం చేసే మనిషిగా ఉంది. డిప్లొమా అయ్యి మూడేళ్లు. స్టీలు షాఫ్టులు నడుస్తున్నాయి. సీఎన్‌సీ పక్కనే ఒక స్క్రీన్, దాని మీద ఒక్కో జాబ్ (తయారయ్యే ముక్క) సైజు చుక్కలుగా పడుతోంది. చుక్కలు మెల్లగా ఒకే వైపు జరుగుతున్నాయి. టూల్ అరిగింది, మార్చమని సాఫ్ట్‌వేర్ ఎర్ర గుర్తు చూపించింది. ఆ అమ్మాయి వెంటనే మార్చలేదు. టూల్ చివర కోసే ముక్కను, అదే ఇన్సర్ట్‌ను విప్పి భూతద్దం కింద పెట్టింది, అంచు బాగానే ఉంది. కుర్రాణ్ని పిలిచి, "పొద్దున వార్మప్ చేయకుండానే మొదలుపెట్టినవా?" అని అడిగింది. వాడు తల దించుకున్నాడు. విషయం అంతే. రాత్రంతా చల్లబడిన మెషీన్ నడుస్తున్నకొద్దీ వేడెక్కుతోంది, స్పిండిల్ సాగుతోంది, దాంతో సైజు జరుగుతోంది. వంద మిల్లీమీటర్ల స్టీలు పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు 12 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పెరుగుతుంది. ఆ అమ్మాయి ఆఫ్‌సెట్ (టూల్ ఎంత జరగాలో మెషీన్‌కు చెప్పే సవరణ అంకె) సరిచేసి, రేపట్నుంచి ఇరవై నిమిషాలు ఖాళీగా తిప్పాకే జాబ్ పెట్టమని చెప్పి పంపింది.

ఇది మీకు తెలియని సంగతా? పొద్దున మొదటి జాబ్‌ను మీరెప్పుడైనా కొలవకుండా వదిలారా? ఇరవై రెండేళ్లుగా మీ చేతుల్లో ఉన్న ఆ తెలివికి స్క్రీన్ చదవడం, ప్రోగ్రాం రాయడం జతయితే ఏమవుతుందో నేను ఆ అమ్మాయి దగ్గర చూశాను. మీ ఇంట్లో ఆ తెలివి సగం ఇప్పటికే ఉంది. దాన్ని వాడికి అందనీయకుండా తలుపేస్తున్నారు మీరు.

ఇక బీటెక్ ఏఐ. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి, దాచను. ఏఐ వట్టిదని కాదు, అది నిజంగానే పెద్ద మార్పు. అనుమానమల్లా కాలేజీల మీదే. చాలాచోట్ల పాత కంప్యూటర్ సైన్స్ సిలబస్‌కే నాలుగు పేపర్లు కలిపి బోర్డు మార్చారు. చెప్పే లెక్చరర్లు వాళ్లే, ల్యాబులు అవే, సీట్లు మాత్రం రెట్టింపు. నగర శివార్లలో ఒక కాలేజీ రోబోటిక్స్ ల్యాబు చూపిస్తామంటే వెళ్లాను. అద్దాల గదిలో రోబో చెయ్యి నిలబెట్టారు. దాన్ని నడిపించే పెండెంట్ తెర మీద ప్లాస్టిక్ కవరు అట్లాగే ఉంది. కొని ఏడాది అయిందట! ఫైనలియర్ పిల్లవాణ్ని పీఎల్‌సీకి (మెషీన్లను నడిపించే చిన్న కంప్యూటర్‌కు) సెన్సర్ వైరు ఎక్కడ కలుపుతారని అడిగాను. స్లైడ్‌లో చూశాను సార్ అన్నాడు. ఆ పిల్లవాడి తప్పు కాదది. వాళ్ల నాన్న పొలం అమ్మి ఫీజు కట్టాడని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ మాట నన్ను వదల్లేదు.

ఫ్యాక్టరీలో ఏఐ చేసే పని కూడా నేల మీద నుంచే మొదలవుతుంది. మోటారుకు సెన్సర్ తగిలించి అదురు కొలిస్తే, రేపు పాడవబోతోందని ముందే చెప్పవచ్చు. నిజమే. కానీ అది బేరింగ్ అరుగుదలా, షాఫ్ట్ వంకరా, పునాది బోల్టు వదులయిందా అన్నది తేల్చడానికి ఎప్పుడో ఒకసారి బేరింగ్ విప్పిన మనిషి కావాలి. లెక్కలన్నా కోడింగ్ అన్నా ప్రాణం పెట్టే పిల్లలుంటారు, వాళ్లకు ఆ బ్రాంచే సరైంది, నిశ్చింతగా పంపుతాను. మీవాడు ఆ మాట అనలేదు కదా. ఇంకో సంగతి, అమీర్‌పేటలో ఇండస్ట్రీ 4.0 అని నలభై అయిదు రోజుల సర్టిఫికెట్ కోర్సు అంటే డబ్బు కట్టకండి. 2011లో జర్మనీలో హానోవర్ ప్రదర్శనలో వినిపించిన ఆ మాటకు అర్థం, మెషీన్లన్నీ ఒకదానికొకటి సమాచారం అందించుకుంటూ నడిచే ఫ్యాక్టరీ. మెషీనే ముట్టుకోని చోట అది ఎట్లా వస్తుంది?

ఒక మాట గట్టిగా అంటాను. పదిహేనేళ్ల పిల్లలు నా ముందు కూర్చుని తమకేం కావాలో నోరు తెరిచి చెప్పడం అరుదు. ఏ కోర్సు అంటే నాన్న మొహం చూస్తారు. మీవాడు చెప్పాడు, పేరు పెట్టి చెప్పాడు. మీరు కొట్టిపారేస్తున్నారు. "నేను పడ్డ కష్టం" అన్నారు. ఆ లేత్ మీదే కదా ఇల్లు నడిచింది, వాడి ఫీజులు కట్టింది? ఆ పనిని వాడి ముందే తక్కువ చేసి మాట్లాడితే వాడు మిమ్మల్ని ఏ కళ్లతో చూడాలి? పెళ్లిలో చుట్టాలు ఏ బ్రాంచి అని అడిగితే చెప్పుకోవడానికి బాగుండాలన్న ఆశ ఇందులో ఎంత ఉందో, మీకు మీరే అడిగి చూసుకోండి.

పోల్చి చెప్పమన్నారు కాబట్టి క్లుప్తంగా. బాలానగర్ టూల్ డిజైన్ సంస్థ 1968లో ఐక్యరాజ్యసమితి సాయంతో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. అక్కడ పది తర్వాత టూల్, డై, మౌల్డ్ మేకింగ్ డిప్లొమా నాలుగేళ్లు, చేతిలో మెషీన్ ఉండే చదువు. సీటు వస్తే ఆలోచించొద్దు. రాకపోతే పాలిటెక్నిక్ మెకానికల్ మూడేళ్లు. ఆ తర్వాత డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు, కాబట్టి మీకున్న బీటెక్ కోరిక కూడా ఎక్కడికీ పోదు. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువే. షిఫ్టులుంటాయి, కొన్నిచోట్ల కాంట్రాక్టు కింద పెట్టుకుంటారు. ఓర్చుకోవాలి. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ బాడీలు తయారవుతున్నాయి, జహీరాబాద్‌లో ట్రాక్టర్లు. అలాంటి చోట్ల డ్రాయింగ్ చదివి, ప్రోగ్రాం అర్థం చేసుకుని, కొలిచి తప్పు పట్టగలిగే పిల్లలు కావాలి. మన రాష్ట్రంలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి కొత్త మెషీన్లతో మార్చే పని పెట్టుకున్నారు, మల్లేపల్లి ఐటీఐ అందులో ఒకటి. ఏదీ కుదరకపోతే అదీ ఒక దారే.

ఇప్పుడు మీ దిగులు. మీకింకా పన్నెండు, పదిహేనేళ్ల సర్వీసు ఉంటుంది. మీ షాపులో సీఎన్‌సీ సెట్టర్ మీకంటే చిన్నవాడే అయ్యుంటాడు. మొహమాటపడకుండా అడగండి, తమ్ముడూ ఆఫ్‌సెట్ పేజీ చూపించమని. ప్రోగ్రాంలో జీ 01 అంటే తిన్నగా కోత, జీ 02 అంటే గుండ్రంగా. మీ చేతులు రోజూ చేసేవే అవి, పేర్లు పెట్టారంతే. రోజుకు అరగంట కూర్చుంటే రెండు మూడు నెలల్లో ప్రోగ్రాం చదవడం వస్తుంది. మీ వయసువాళ్లు నేర్చుకోవడం నేను చూశాను. రోబో వచ్చాక దాని పక్కన నిలబడి తప్పు ఎక్కడుందో చెప్పగల మనిషిని ఏ ఓనరూ తొందరపడి పంపించడు.

ఈ శనివారం ఓనర్‌ను అడిగి మీవాణ్ని ఒక పూట షెడ్డుకు తీసుకెళ్లండి. పొద్దున మొదటి జాబ్ మీరు మైక్రోమీటర్‌తో కొలిచి, రెండోది వాడి చేతికివ్వండి. వాడేం అడుగుతాడో వినండి. తర్వాత ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి. ఆ రోజు మాట్లాడాల్సింది మీవాడు.