‘నా క్లాసు ఒకసారి చూస్తారా సార్’ అనడానికి నోరు పెగలడం లేదు

ప్రశ్న: మెగా డీఎస్సీ 2025లో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరు) ఎంపికయ్యాను. పల్నాడు జిల్లాలో ఒక మోడల్ ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి చెబుతున్నాను. క్లాసులో 27 మంది. చెప్పేటప్పుడు అందరూ తలలూపుతారు, నోట్‌బుక్కులు దిద్దితే సగం తప్పులే. మా హెచ్‌ఎం సార్‌ది పాతికేళ్ల సర్వీసు. ఎలా చెబుతున్నానో ఆయన్ని అడగాలని ఉంది. ‘ర్యాంకు తెచ్చుకుని వచ్చింది, ఇదీ రాదా’ అనుకుంటారేమోనని భయం. ఆయన వరండాలో కనబడితే చాలు, నా గొంతు తగ్గిపోతుంది. పైగా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఎక్కడైనా రాసిపెడతారా?
— ఒక టీచరు

జవాబు (విశ్రాంత ప్రధానోపాధ్యాయిని): ముందు ప్రొబేషన్ సంగతి తేల్చేద్దాం అమ్మాయ్. అది పూర్తికావాలంటే మూడేళ్ల వ్యవధిలో రెండేళ్లు డ్యూటీ చేసి ఉండాలి, నీ పనీ నడవడికా సవ్యంగా ఉండాలి. సర్వీసు రిజిస్టర్లోకి ఎక్కేవి నియామకం, ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీల్లాంటివి. ‘తీసివేతలు ఎలా చెప్పాలి సార్’ అని అడిగావని అందులో ఎవరూ రాయరు.

వరండాలో ఆయన్ని చూసి గొంతు తగ్గిస్తున్నానన్నావు. పాతికేళ్లు బడిలో ఉన్న మనిషికి అది తెలియకుండా ఉంటుందా? నీకేదో ఇబ్బంది ఉందని ఆయన ఎప్పుడో కనిపెట్టి ఉంటారు. ఇంకా దాచి లాభమేముంది?

అయితే ‘నా పాఠం ఎలా ఉంది సార్’ అని మాత్రం అడగకు. ‘బాగానే ఉందమ్మా, కానివ్వు’ అంటారు. అంత పెద్ద ప్రశ్నకు ఎవరైనా అంతకన్నా ఏం చెబుతారు? నువ్వు అడగాల్సింది ఆ నోట్‌బుక్కుల్లోనే ఉంది. 302లోంచి 147 తీసేయమంటే 245 అని రాసినవాళ్లున్నారేమో చూడు. వాళ్లు నోటికొచ్చింది రాయలేదు. ఏది పైన, ఏది కింద అని చూడకుండా ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశారు. పదుల స్థానంలో సున్నా ఉంది కదా, అప్పు ఎక్కడినుంచి తేవాలో తెలియలేదు. ఆ ఒక్కటీ పట్టుకుని వెళ్లు. ‘సున్నా దగ్గర పిల్లలు తడబడుతున్నారు సార్. రేపు రెండో పీరియడ్లో ఓ పది నిమిషాలు వెనక కూర్చుంటారా? నేను బోర్డు మీద రాసేటప్పుడు చివరి వరస ఏం చేస్తోందో నాకు కనబడదు’ అను. అప్పుడు ఆయన చూసేది పిల్లల్ని. నీకు బెరుకూ తగ్గుతుంది, ఆయనకు చెప్పడానికో విషయమూ దొరుకుతుంది.

పొద్దున్నే మాత్రం వెళ్లకు. హాజరు, యాప్‌లో ఫొటోలు, గుడ్లు వచ్చాయా, వంటామె వచ్చిందా... ఆ గంటలో దేవుడొచ్చి పలకరించినా కసురుకుంటారు. లాంగ్ బెల్ కొట్టాక, స్టాఫ్ అంతా లేనప్పుడు అడుగు.

ఆయన చెబుతున్నప్పుడు ‘అది కాదు సార్, నిన్న సగం మంది రాలేదు’ అంటూ సంజాయిషీ మొదలుపెట్టకు, రాసుకో. వాటిలో ఒకటి క్లాసులో చేసి చూసి, ఏమైందో వారంలోగా ఆయనకు చెప్పు. ఈసారి పిలవకుండానే వస్తారు. అలాగని ఆయన చెప్పినవన్నీ చేయాలనేం లేదు. పాత సర్వీసులో మంచి కిటుకులు ఉంటాయి, ‘రెండు తగిలిస్తే అదే వస్తుంది’ లాంటివీ ఉంటాయి. ఆ రెండో రకానికి తలూపి ఊరుకో. పిల్లల్ని కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టమే నిషేధించింది.

ఒకవేళ మీ సార్ విన్నదంతా స్టాఫ్‌రూమ్‌లో జోకులేసే రకమైతే ఆయన్ని వదిలెయ్. నన్నడిగితే అసలు ఆయనకన్నా ముందు నాలుగో తరగతి మేడమ్ దగ్గరికి వెళ్లమంటాను. వచ్చే జూన్‌లో నీ పిల్లలు వెళ్లేది ఆవిడ దగ్గరికే. ‘మూడు నుంచి వచ్చినవాళ్లకి మీరు మళ్లీ మొదట్నుంచి చెప్పుకోవాల్సి వస్తున్నవి ఏంటి మేడమ్?’ అని అడుగు. ఇప్పుడు ఆవిడ దగ్గరున్నవాళ్లు నువ్వు చెప్పిన పిల్లలు కాదు గనక మొహమాటం లేకుండా చెబుతుంది, నువ్వూ నొచ్చుకోకుండా వింటావు. మీ ఇద్దరిదీ ఒకే బస్సైతే మరీ మంచిది, దిగేదాకా టైముంటుంది.