పినియన్ నట్టు కాడ జర ఆగు అల్లుడా

అల్లుడా,

బొలెరో కౌన్ (వెనక ఇరుసు నడుమ గేర్లుండే డబ్బా) కాడ ఆయిల్ కారుతున్నదట, పినియన్ సీల్ (కౌన్ లోపలికి పోయే చిన్న గేరు కాడ ఆయిల్‌ను ఆపే రబ్బరు వలయం) ఇంటికాడ నువ్వే మారుస్తనంటున్నవట. మీ అమ్మ ఫోన్‌ల చెప్పింది. హన్మకొండల కంప్యూటర్ ముంగట కూసునే పోరడు చేతులకు మసి అంటించుకుంటనంటె సంబురమే. కని ఆ పినియన్ నట్టు గుర్తొచ్చి నాకు నిద్రే పట్టలె.

ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరు బాక్సు నుంచి కౌన్‌కు పోయే పొడుగు రాడ్డు) విప్పినంక బండి గేర్ల ఉన్నా ఆగదు. వెనక చక్రాలు లేపితె హ్యాండ్ బ్రేకు గూడ దండగే, ముంగటి చక్రాలను అది పట్టది. అందుకే ముంగటి చక్రాలకు రెండు దిక్కుల అడ్డు పెట్టు, ఆక్సిల్ కింద స్టాండ్లు పెట్టు. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరినవని తెలిస్తె అక్కడికొచ్చి తంత.

ఆయిల్ ఖాళీ చేసే ముందే నింపే బోల్టు ఊడుతదో లేదో చూసుకో, లేకుంటె మల్ల నింపలేవు.

ఇగ పినియన్ కొసకుండే నట్టు. నేను షెడ్డుల హెల్పర్‌గ ఉన్నప్పుడు మా ఉస్తాదు ఓ జీపుకు సీల్ మార్చిండు. నట్టు ఎంతల ఉండెనో గుర్తు పెట్టుకోలె. పానాకు పైపు తగిలించి, బలమున్నకాడికి బిగించిండు. కారుడు ఆగింది, అందరం మెచ్చుకున్నం. అదే జీపుల మా ఇంటోళ్లు మేడారం జాతరకు పోయిండ్రు. మీ అమ్మ అప్పుడు చిన్న పిల్ల, ఒడిల బెల్లం మూట పట్టుకొని కూసున్నది. ములుగు దాటినంక కింద సన్నగ కూత మొదలైంది. పస్రా వచ్చేసరికి కౌన్ హౌసింగ్ మీద నీళ్లు పోస్తె చుయ్యిమన్నది. తాడ్వాయి అడవిల బేరింగ్ పట్టేసింది, వెనక చక్రాలు బిగుసుకపోయినయి. జీపు పక్కకు ఈడ్చుకపోయి చెట్ల మొదట్ల ఆగింది. ఎవలికి దెబ్బ తగల్లె. మీ అమ్మ మాత్రం తెల్లారేదాక నా చెయ్యి ఇడువలె.

సంగతేందంటె, పినియన్‌కున్న రెండు టేపర్ బేరింగుల నడుమ కొన్ని బండ్లల్ల షిమ్ములు (పలచని రేకు వలయాలు) ఉంటయి, కొన్నిట్ల నట్టు బిగించిన కొద్ది నలిగే స్లీవ్ (గొట్టం ముక్క) ఉంటది, అది ఎక్కువ నలిగితె బేరింగులు బిగుసుకపోతయి. నీ దాంట్ల ఏదున్నదో మాన్యువల్ల చూడు. స్లీవ్ అయితె ఒక్కపారి ఎక్కువ నలిగినంక నట్టు వదులు చేసినా మల్ల లెవ్వది, కొత్తది వెయ్యాల్సిందే. అందుకే విప్పకముందే నట్టుకు, పినియన్ షాఫ్ట్‌కు, యోక్‌కు (ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలించే ముక్క) కలిపి పంచ్‌తోని గుర్తు కొట్టు, బయటికి కనవడే మరలు లెక్కవెట్టు. బిగించేటప్పుడు పాత నట్టే ఆ గుర్తు కాడికి రావాలె, ఎంట్రుక వాసి దాటితె చాలు, అంతకు మించి బిగించకు. కొత్త నట్టు వేస్తె ఆ గుర్తుకు లెక్క లేదు. అప్పుడు యోక్‌కు దారం చుట్టి స్ప్రింగు కాటాతోని గుంజి, విప్పకముందు ఎంత బరువుకు తిరిగిందో ఇప్పుడంతకే తిరుగుతున్నదా చూడాలె. చక్రాలు, డ్రమ్ములు తీసి గుంజాలె, లేకుంటె బ్రేకు రాపిడి గూడ కాటల పడ్తది.

సీల్ అంచుకు ఆయిల్ రాసి, స్ప్రింగ్ ఉన్న దిక్కు లోపలికి పెట్టు. సమానంగ చుట్టూ కొట్టు, ఒక్క దిక్కే కొట్టకు. సీల్ ఆనేకాడ యోక్ మీద గోరు గీస్తె గాడి తగులుతదా చూడు. తగిలితె కొత్త సీలైనా నిలువది.

పైనున్న బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే సన్న తొర్ర) గూడ చూసుడు మర్వకు. మట్టితోని అది మూసుకుంటె కౌన్ వేడెక్కినప్పుడు లోపలి గాలి ఆయిల్‌ను సీల్ లోంచే తోస్తది. ఒక్కోపారి అసలు రోగమే అది.

ఆదివారం పొద్దుగాల నర్సంపేట బస్సుకు వస్త. పని నువ్వే చెయ్యి, నేను చెయ్యి పెట్ట. నట్టు మాత్రం నేనొచ్చినంకనే ముట్టు.

మీ మామ