హనుమకొండ పెరట్ల హాప్స్ తీగ వస్తదా?

ప్రశ్న: మా తమ్ముడు అమెరికాల వాళ్లింటెనక హాప్స్ (బీరు తయారీల వేసే పూల తీగ) పెంచుతుండు, వీడియో కాల్‌ల చూపించిండు. మా బీర పందిరి ఖాళీగనే ఉంది సార్, పెట్టొచ్చా?
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: తీగ వస్తదేమో గానీ కాయ డౌటేనమ్మా. కాయ అంటున్నం గానీ అది ఆడ మొక్కకొచ్చే పూగుత్తి, రేకులు విప్పితే అడుగున జిగట జిగటగా పసుప్పచ్చ పొడి కనబడ్తది, బీరుకు చేదూ వాసనా ఇచ్చేది అదే. ఇది చలిదేశాల తీగ, చలికాలంల పైనంతా ఎండిపోయి వేరు నిద్రపోతది, ఆ చలి మనకేది? పైగా పొద్దు సంగతొకటి, అమెరికాల హాప్స్ బాగ పండే యాకిమా దిక్కు జూన్ల పగలు దాదాపు 16 గంటలు, మనకు 13 గంటల చిల్లరే, అందుకే మన దేశంల హిమాచల్ లాహౌల్ దిక్కు పండించిన్రు. బీర పందిరి కూడ సాలదు, ఇది 5 మీటర్లు నిలువుగ తాడు చుట్టుకుంట పోతది.

అయినా సరదా ఉంటే పెద్ద కుండీల, పొద్దటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడపడే కాడ పెట్టండి. విత్తనాలైతే మగవి కూడ మొలుస్తయి. తమ్మునితోని సూట్‌కేసుల వేర్లు మాత్రం తెప్పియ్యకండి, దానికి పర్మిట్ కావాలె. ఇంట్ల కుక్క ఉంటే రాలిన పూలు తిననియ్యొద్దు, వాటికి విషం.