బ్యాంకు సరే, క్లబ్ సంగతి వేరే

ప్రశ్న: మేం అట్లాంటా దగ్గర ఆల్ఫరెట్టాలో ఉంటాం. మా ఆఫీసులో ఒక నల్లజాతి కొలీగ్, సేవింగ్స్ కొంత సిటిజన్స్ ట్రస్ట్ బ్యాంకులో వెయ్యండి, అది మావాళ్ల బ్యాంకు అంటోంది. వాళ్లు కొంతమంది కలిసి నెలనెలా డబ్బులేసుకుని షేర్లు కొనే క్లబ్ కూడా నడుపుతున్నారు, అందులోకీ రమ్మంటోంది. మా ఆవిడేమో చిన్న బ్యాంకు, మునిగితే ఎవరిస్తారంటోంది. ఈ క్లబ్ మన చిట్టీ లాంటిదేనా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: బ్యాంకు గురించి మీ ఆవిడని కంగారుపడొద్దనండి. ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకి బీమా ఇచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) బీమా ఉన్న బ్యాంకు ఏదైనా, చిన్నదైనా పెద్దదైనా, ఒకరి పేరున 2,50,000 డాలర్ల దాకా డిపాజిట్‌కి గ్యారంటీ ఉంటుంది, సిటిజన్స్ ట్రస్ట్‌కీ అది ఉంది. ఆ భయం నల్లజాతివాళ్లకి మనకంటే ఎక్కువే తెలుసు లెండి. బానిసత్వం పోయిన 1865లో వాళ్ల కోసమని పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు 1874లో మూతపడి వేలమంది కూడబెట్టుకున్నది పోయింది, అప్పటికి బీమా అన్నమాటే లేదు. అయినా మళ్లీ మొదలుపెట్టారు. 1903లో రిచ్‌మండ్‌లో మ్యాగీ వాకర్ అనే ఆవిడ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తెరిస్తే మొదటిరోజు 31 సెంట్లు తెచ్చి అకౌంట్ తెరిచినవాళ్లూ ఉన్నారట! మీ అట్లాంటా బ్యాంకు 1921 నాటిది. 1930ల్లో మ్యాపుల మీద నల్లవాళ్ల పేటలకి ఎర్రరంగు పూసి అక్కడ ఇళ్లకి లోన్లు ఇవ్వడం రిస్కని తేల్చేశారు, అలాంటి రోజుల్లో వీళ్ల ఇంటికీ కొట్టుకీ అప్పిచ్చింది ఇలాంటి బ్యాంకులే. 2016లో ర్యాపర్ కిల్లర్ మైక్ పిలుపిస్తే వేలమంది అకౌంట్లు తెరిచింది కూడా ఇందుకే. డిపాజిట్ అంటే దానం కాదు, డబ్బు మీదే, కాకపోతే దాంతో లోన్ ఎవరికి వెళ్తుందన్నదే తేడా.

పెద్ద బ్యాంకులకున్నన్ని బ్రాంచీలు ఉండవు కాబట్టి జీతం అకౌంట్ ఉన్నచోటే ఉంచి, అత్యవసరానికి దాచుకునే డబ్బు ఇక్కడ పెట్టుకోండి, వడ్డీ ఎంతో అడిగి మరీ.

క్లబ్ చిట్టీ కాదండీ. చిట్టీలో పాట దక్కినవాళ్లకి, తగ్గించి పాడింది పోను, ఆ నెల పోగైన డబ్బు చేతికొస్తుంది, ఇక్కడ అందరి డబ్బూ షేర్లలో ఉంటుంది, మార్కెట్ పడితే మీదీ పడుతుంది, దానికి ఎఫ్‌డీఐసీ బీమా ఉండదు. చేరేముందు రాతపూర్వక ఒప్పందం అడగండి, మధ్యలో మానేస్తే వాటా ఎలా లెక్కగడతారో అందులో ఉందో లేదో చూడండి. బ్రోకర్ అకౌంట్ ఎవరో ఒకరి పేరున కాకుండా క్లబ్ పేరునే ఉండాలి, స్టేట్‌మెంట్ అందరికీ కనపడాలి. మీటింగులకెళ్లి ఏం కొనాలో మీరూ ఓటెయ్యాలి, డబ్బు కట్టేసి ఊరుకునే సభ్యులుంటే సెక్యూరిటీస్ రూల్స్ (పెట్టుబడులు అమ్మేవాళ్లకి ప్రభుత్వం పెట్టిన నిబంధనలు) తగులుకునే అవకాశం ఉంది, "మాకొదిలెయ్, మేం చూసుకుంటాం" అంటే మాత్రం చేరకండి. ఇంకోటి, పార్ట్‌నర్‌షిప్‌గా నడిచే క్లబ్ అయితే క్లబ్ లాభనష్టాల్లో మీ వాటా ఎంతో చూపే కె-1 అనే కాగితం ఏటా వస్తుంది, షేర్లు అమ్మి డబ్బు చేతికి రాకపోయినా ఆ వాటా టాక్స్‌లో చూపించాలి, మీ టాక్స్ లెక్కలు చూసే సీపీఏకి ముందే చెప్పి ఉంచండి.