చియాంగ్ మాయ్‌లో ఒక్కదాన్నే ఉంటూ ఉద్యోగం: ముందు గడియారం చూసుకోండి

మీ ప్రశ్న రెండు సార్లు చదివాను. వయసు 29, హైదరాబాద్ కంపెనీలో ఇంటి నుంచి పని, నాలుగైదు నెలలు థాయ్‌లాండ్‌లో ఒక్కరే ఉంటూ అదే ఉద్యోగం చేయాలని ఉంది, ఇంట్లో ఒప్పుకోవడం లేదు, అసలు అక్కడ ఆడపిల్ల ఒంటరిగా ఉండగలదా అని అడిగారు. ‘క్షేమమేనా’ అన్న మాట మూడు చోట్ల ఉంది. మీ పనివేళలు ఏమిటో మాత్రం ఎక్కడా లేదు. ఆ సంగతి తెలియకుండా క్షేమం గురించి నేను ఏం చెప్పినా గాలిమాటే అవుతుంది. ఎందుకో నా కథ వింటే మీకే తెలుస్తుంది.

మాది రాజమండ్రి. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో వివరించే పుస్తకాలు రాయడం నా ఉద్యోగం. 2024 అక్టోబరు మూడో వారం నుంచి మరుసటి ఫిబ్రవరి చివరి దాకా ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ నగరంలో ఉన్నాను. వెళ్లేటప్పటికి నాకు 36 ఏళ్లు. అందరిలాగే నేనూ ఊరి గురించే ఆరా తీశాను. దొంగతనాలు ఎలా ఉంటాయి, రాత్రి తిరగవచ్చా, ఏ పేట మంచిది, ఇవే. గడియారం గురించి ఆలోచించనే లేదు.

థాయ్‌లాండ్ మనకంటే గంటన్నర ముందు ఉంటుంది. మా క్లయింటు న్యూజెర్సీలో. వాళ్ల ఉదయం తొమ్మిది గంటల మీటింగు నాకు రాత్రి ఎనిమిదికి. సరే అనుకున్నాను. నవంబరు మొదటి ఆదివారం అమెరికా వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారన్న సంగతి హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నాకు పెద్దగా పట్టింపు లేదు, భోజనం కాస్త ఆలస్యమయ్యేది, అంతే. అక్కడ ఆ గంటే కొంప ముంచింది. మీటింగు రాత్రి తొమ్మిదికి మారింది. అది ముగిసి, మిగతా పని చక్కబెట్టి లేచేసరికి పన్నెండున్నర. గదిలో ఇంటర్నెట్ నత్తనడక కావడంతో నిమ్మన్ ప్రాంతంలో నెలవారీ రుసుము కట్టి కూర్చునే హాలులో పని చేసేదాన్ని. గది సంతితమ్ అనే పేటలో. మధ్య దూరం రెండు కిలోమీటర్లు. గ్రాబ్‌లో (మన ఊబర్ లాంటిది) కారు పిలిస్తే వచ్చేది కానీ, మా సందు ఇరుకు కావడంతో మలుపు దగ్గరే దింపేసేవారు. అక్కడి నుంచి ఇంటికి రెండు వందల అడుగులు కూడా ఉండవు. ఆ నడకే నాకు నరకం.

మనుషుల వల్ల కాదు, కుక్కల వల్ల. పగలు అరుగుల మీద పడి నిద్రపోయే అవే కుక్కలు అర్ధరాత్రి దాటాక సందుకు యజమానులు. గొడుగు పట్టుకుని, ఫోను లైటు వేసుకుని, హనుమాన్ చాలీసా చదువుతూ నడిచిన రాత్రులు ఉన్నాయి. (నవ్వకండి. రేబిస్ అక్కడా ఉంది. వెళ్లే ముందే టీకా వేయించుకోండి.) ఆ నాలుగు నెలల్లో నన్ను ఏ మగవాడూ వెంబడించలేదు, వెకిలి మాట అనలేదు. మన ఊళ్లలో సాయంత్రం ఆరింటికి బస్టాండులో పడే చూపులు అక్కడ రాత్రి పదింటికి కూడా నా మీద పడలేదు. అయినా నవంబరు నెలంతా భయపడుతూనే బతికాను. ఊరు మంచిదే, నేను ఆ ఊళ్లో తిరిగే వేళ మంచిది కాదు.

నవంబరు చివర్లో మా మేనేజరుతో మాట్లాడి, డిసెంబరు నుంచి హైదరాబాద్ బృందంతో కలిసి చేసే పనికి మారాను. మన పది గంటలు అక్కడ పదకొండున్నర. సాయంత్రం ఎనిమిదికల్లా లాప్‌టాప్ మూసేసేదాన్ని. వీధుల్లో బండ్ల మీద అన్నం, నూడుల్స్ అమ్ముతుంటారు, స్కూలు పిల్లలు యూనిఫారాల్లోనే తిరుగుతుంటారు, ముసలమ్మలు అరుగుల మీద కూర్చుని కబుర్లాడుతుంటారు. అదే సందు, అవే కుక్కలు, ఎనిమిదిన్నరకు తోకాడించేవి. ఉదయం పదకొండు దాకా సమయం నాదే. గుడులు, బజార్లు, ఈత, అన్నీ ఉదయాలే చూశాను. థాయ్ భాషలో సమయాన్ని ‘వేలా’ అంటారు, మన వేళే అది. ఆ మాట తెలిసిన రోజున నాలో నేనే నవ్వుకున్నాను.

అందుకే మీకు నా మొదటి సలహా: మీ మీటింగుల పట్టికను అక్కడి సమయంలోకి మార్చి, ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. అమెరికా, యూరప్ క్లయింట్లయితే శీతాకాలపు సమయం కూడా పక్కన రాయండి. రాత్రి పది దాటాక పని ఉంటే, ఆ పని గదిలోనే చేసుకోగలిగే ఇల్లు దొరికాకే మిగతా ఆలోచనలు.

ఇక వీసా. సందర్శకులుగా దిగి లాప్‌టాప్ తెరిచి పని చేసుకునేవాళ్లు బోలెడంతమంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకునే రకం నేను. థాయ్‌లాండ్ 2024 జులైలో డీటీవీ (డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా) అని కొత్త వీసా తెచ్చింది, వేరే దేశపు కంపెనీకి దూరం నుంచి పని చేసేవాళ్లకు కూడా అది వర్తిస్తుంది. చెల్లుబాటు ఐదేళ్లు, వెళ్లిన ప్రతిసారీ 180 రోజుల దాకా ఉండవచ్చు. రుసుము 10,000 బాత్‌లు అంటారు, దరఖాస్తు చేసే చోటును బట్టి కాస్త మారుతుంది. గట్టి షరతు ఏమిటంటే బ్యాంకులో 5 లక్షల బాత్‌లకు సమానమైన సొమ్ము చూపించాలి. అంటే నేను వెళ్లినప్పటి లెక్కన మన రూపాయల్లో సుమారు 13 లక్షలు. ఖర్చు పెట్టనక్కర్లేదు, ఉందని చూపిస్తే చాలు. నేను ఫిక్సెడ్ డిపాజిట్ ఒకటి ముందే రద్దు చేసి పొదుపు ఖాతాలో వేసుకున్నాను. దరఖాస్తు థాయ్‌లాండ్ బయటి నుంచే చేయాలి, అక్కడికి వెళ్లాక చూద్దామంటే కుదరదు. ఈ వీసాతో అక్కడి కంపెనీల్లో ఉద్యోగం చేయకూడదు.

వీసా చేతికొచ్చినా కంపెనీ అనుమతి వేరే సంగతి. ‘ఇంటి నుంచి పని’ అంటే వాళ్ల దృష్టిలో భారతదేశంలోని ఇల్లు. నేను ఇక్కడే ఒక తప్పు చేశాను. మేనేజరుకు నోటిమాటగా చెప్పి, ఆయన సరేనంటే అదే అనుమతి అనుకున్నాను. దిగిన మొదటి సోమవారం ఉదయం నా లాగిన్ పని చేయలేదు. విదేశం నుంచి ఎవరో చొరబడుతున్నారని సెక్యూరిటీ వాళ్లు ఖాతా మూసేశారు. తెరిపించడానికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులు సెలవు కింద రాశారు. వాళ్లది తప్పని అనను. మీరు మాత్రం ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ దేశం నుంచి, ఏ లాప్‌టాప్‌తో అని హెచ్ఆర్ నుంచి ఈమెయిల్‌లో రాయించుకోండి. పన్నుల విషయం కూడా అప్పుడే అడగండి. ఒక క్యాలెండరు ఏడాదిలో 180 రోజులు ఉంటే థాయ్‌లాండ్ మిమ్మల్ని పన్ను లెక్కల్లో తమ నివాసిగా చూస్తుంది. నేను ఆ గీతకు చాలా ఇవతలే ఉండిపోయాను. మీరు ఎక్కువ కాలం ఉండాలనుకుంటే ఆడిటరును కలిశాకే టికెట్టు కొనండి.

ఫోను నంబరు మరిచిపోకండి. బ్యాంకు ఓటీపీలన్నీ మన నంబరుకే వస్తాయి. బయల్దేరే ముందే రోమింగ్ తెరిపించి, రీచార్జి ఆగిపోకుండా నాన్నకు అప్పగించి, అక్కడి సిమ్ రెండోదిగా వేసుకున్నాను. మన కార్డుతో ఏటీఎంలో డబ్బు తీస్తే ప్రతిసారీ 220 బాత్‌లు కోసేవారు. అందుకని ఒకేసారి ఎక్కువ తీసి, రెండు చోట్ల దాచుకునేదాన్ని.

గది విషయంలో నా అతితెలివి వినండి. ఫొటోలు చూసి మురిసిపోయి, పింగ్ నది పక్కన ఒక నెల అద్దె ముందే కట్టేశాను. ఆ అక్టోబరు మొదట్లోనే పింగ్ పొంగి ఊళ్లో చాలా భాగం మునిగింది. నేను వెళ్లేసరికి గోడల మీద నీళ్లు నిలిచిన గీత నడుము ఎత్తున కనిపిస్తోంది. గదంతా బూజు వాసన. అది వదిలేసి సంతితమ్‌కు మారాను, అద్దె వెనక్కి రాలేదు. గోదావరి వరదలు చూస్తూ పెరిగినదాన్ని, ఏటి పక్కన అద్దెకు దిగే ముందు ఒక్క ఫోను చేయాలని నాకు తట్టలేదంటే ఏమనుకోవాలి? కాబట్టి మొదటి వారానికి మాత్రమే హోటల్ తీసుకోండి. పగలు ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి వెళ్లి చూసి గది ఖాయం చేసుకోండి. కారు గుమ్మం దాకా వస్తుందా, కింద కాపలా ఎవరైనా ఉన్నారా, పై అంతస్తులో ఖాళీ ఉందా, తలుపుకు లోపలి గడియ ఉందా చూడండి. మీరు దిగిన 24 గంటల్లో యజమాని మీ వివరాలు ఇమిగ్రేషన్ వాళ్లకు తెలపాలి, టీఎం30 అంటారు. ఆ పేరు ఎత్తగానే మొహం చిట్లించే యజమానిని వదిలేయండి. వరుసగా 90 రోజులు దాటి ఉంటే మన చిరునామా మనమే తెలపాలి, అది వేరే.

సంతితమ్‌లో మా భవనం చూసుకునే ఆవిడకు అరవై దాటి ఉంటాయి. అక్కడా తమకంటే పెద్దవాళ్లను ఉత్త పేరు పెట్టి పిలవరు. ‘ఫీ’ అంటారు, అక్కకూ అన్నకూ అదే మాట. ఇంకా పెద్ద ఆడవాళ్లయితే ‘పా’, అంటే పెద్దమ్మ. నేను పా అనడం మొదలుపెట్టాక ఆవిడ తీరే మారిపోయింది. జనవరిలో నాకు 103 జ్వరం వచ్చింది. పొద్దున తొమ్మిదైనా కిందికి రాలేదని ఆవిడే వచ్చి తలుపు కొట్టి, స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది. డెంగీ కాదని తేలింది. బీమా ఉంది కాబట్టి ఖర్చు తర్వాత తిరిగి వచ్చింది. ఒంటరిగా ఉన్నప్పుడు మనం రోజూ ఏ వేళకు కనిపిస్తామో తెలిసిన మనిషి ఒక్కరు ఉంటే చాలు. ఆ ఒక్కరిని మొదటి వారంలోనే సంపాదించుకోండి. ఫోనులో 1155 పర్యాటక పోలీసులకు, 1669 అంబులెన్సుకు రాసిపెట్టుకోండి. నాకు రెండింటి అవసరమూ రాలేదు. స్కూటరు అద్దెకు తీసుకుని మీరే నడుపుదామనుకుంటే మాత్రం మోటారు సైకిలుకు చెల్లే అంతర్జాతీయ లైసెన్సు ఉండాలి. లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా వాళ్లు చేతులెత్తేస్తారు.

మీరు శాకాహారి అన్నారు కాబట్టి ఒక మాట. ‘మాంగ్‌సవిరాట్’ అని చెప్పండి, మన ‘మాంసవిరతి’ నుంచి వచ్చిన మాటే. అయినా చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసే ‘నామ్ ప్లా’ కూరల్లో చుక్క పడుతుంది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని రాసి ఉన్న దుకాణాల్లో అదీ ఉండదు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు.

ఇంట్లో ఒప్పించడం. మా నాన్నకు కావలసింది కాగితాలు. వీసా, బీమా, కంపెనీ ఈమెయిల్, గది చిరునామా ఒక ఫైలులో పెట్టి ఇచ్చాను, ఆయన భయం సగం తగ్గింది. అమ్మ భయం వేరు. థాయ్‌లాండ్ అనగానే మనవాళ్ల మొహాల్లో కనిపించే ఆ నవ్వు ఉంది చూశారూ, అదే ఆమె బాధ. పక్కింటివాళ్లు అడిగితే ఏం చెప్పాలి? దానికి నా దగ్గర కాగితం లేదు. డిసెంబరులో టికెట్టు పంపి పది రోజులకు రప్పించాను. ఆవకాయ, గోంగూర, కందిపొడి పట్టుకుని దిగింది. మూడో రోజుకల్లా పాతో సైగలతో మాట్లాడేస్తూ సంతలో బేరాలాడింది. తిరిగి వెళ్లాక పక్కింటివాళ్లకు ఏం చెప్పిందో నాకు తెలియదు, ఆ తర్వాత నన్ను మాత్రం ఎప్పుడొస్తావని అడగడం మానేసింది. మీ అమ్మగారికి కుదిరితే వారం రోజులైనా రమ్మనండి. రోజూ గంటకోసారి ఫోను చేస్తానని మాత్రం మాట ఇవ్వకండి. ఒక రోజు నా ఫోను ఛార్జింగు అయిపోయి రెండు గంటలు దొరక్కపోతే నాన్న మా మేనేజరుకే ఫోను చేశారు. పొద్దున లేవగానే ఒకటి, గదికి చేరాక ఒకటి, రెండు మెసేజీలు చాలు.

ఒంటరితనం గురించి మీరు అడగలేదు కానీ, అది ఉంటుంది. నాకు బాగా తగిలింది నవంబరు 15న. ఆ రోజు మనకు కార్తీక పౌర్ణమి, వాళ్లకు లాయ్ క్రతోంగ్. అరటి బోదెను బిళ్లలుగా కోసి, ఆకులతో పూలతో అలంకరించి, దీపం పెట్టి పింగ్ నదిలో వదులుతున్నారు. నేను పుష్కర ఘాట్‌లో చిన్నప్పటి నుంచి అరటి దొప్పలో దీపం వదిలినదాన్ని. అక్కడ నిలబడి నదిని చూస్తుంటే గొంతు పట్టేసింది. ఒక చిన్నపిల్ల తన క్రతోంగ్ నా చేతికిచ్చి వదలమంది. వదిలాను. తొమ్మిదికి మీటింగు ఉందని పరుగెత్తాను కూడా. ఆ పరుగు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. పని మార్చమని అడగాలని నిశ్చయించుకున్నది ఆ రాత్రే.

వెళ్లే నెల కూడా చూసుకోండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చుట్టుపక్కల పొలాలు, అడవులు తగలబెట్టే పొగ ఆ లోయలో నిలిచిపోతుంది. ఫిబ్రవరి చివరికి ఎదురుగా ఉన్న దోయ్ సుతేప్ కొండ కూడా కనిపించక, గొంతు మండి, నేను పెట్టె సర్దేశాను. నవంబరులో వెళ్లి జనవరి చివరికి వచ్చేయడం మేలు. లేదా చివరి నెల దక్షిణాన సముద్రం వైపు గడపండి.

మీ క్లయింటు ఏ దేశంలో ఉన్నారో, రోజులో చివరి మీటింగు మన సమయంలో ఎన్నింటికి ముగుస్తుందో రాయండి. ఏ పేటలో గది వెతుక్కోవాలో అప్పుడు చెబుతాను.